కప్పు బటర్ ఎన్ని గ్రాములు? బస్సు సీటు లెక్కలో చెప్తాను

నమస్తే అండీ. ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. "కప్పు మైదా 125 గ్రాములు అన్నారు కదా, మరి కప్పు బటర్ 227 ఎలా అవుతుంది? కప్పు కప్పే కదా?"

కప్పు కప్పేనండీ. అందులో కూర్చున్నది వేరు.

బస్సులో ఒక సీటు ఉంది. బక్కపల్చని కుర్రాడు కూర్చున్నా అది ఒక సీటే, పహిల్వాన్ కూర్చున్నా ఒక సీటే. కండక్టర్‌కి ఇద్దరూ సమానమే, ఇద్దరికీ ఒకటే టికెట్. బస్సు టైరుని అడిగి చూడండి, తేడా అదే చెబుతుంది! కప్పు మన కండక్టర్, తూకం మన టైరు. కేకు వినేది టైరు మాటే.

(స్క్రీన్ మీద: 237 మి.లీ. కప్పులో – మైదా సుమారు 125 గ్రా., పంచదార 200, బటర్ 227, తేనె 340)

మైదా మన బక్కపల్చని కుర్రాడు, తేనె పహిల్వాన్. అందుకే మైదాకి చెప్పిన అంకెని బటర్‌కి తగిలిస్తే బటర్ సగానికి పడిపోతుంది. ఒకసారి నేనూ ఆ పని చేశాను. కుకీలు బిస్కెట్లు కాలేదు, గులకరాళ్లయ్యాయి.

అసలు ఈ 227 ఎక్కడిది? అమెరికాలో బటర్‌ని స్టిక్కులుగా అమ్ముతారు. పౌండుకి, అంటే 454 గ్రాములకి, నాలుగు స్టిక్కులు. ఒక్కోటి 113 గ్రాములు, అంటే అరకప్పు. రేపర్ మీద టేబుల్ స్పూన్ గీతలు కూడా ఉంటాయి, గీత చూసి కత్తితో కోసుకోవడమే. వాళ్లకి అది కప్పు లెక్క, చేతిలో ఉన్నది మాత్రం కత్తి. ఫ్రిజ్‌లోంచి తీసిన రాయిలాంటి బటర్‌ని కప్పులో కుక్కుతున్నది మనం!

కుక్కితే ఏమవుతుంది? ముక్కల మధ్య ఖాళీలు మిగులుతాయి. కాళ్లు బారజాపి కూర్చున్న ప్యాసింజర్ అన్నమాట, సీటు నిండినట్టు కనిపిస్తుంది, బరువు ఉండదు. ఇక గాలి కొట్టి మెత్తగా చేసిన విప్డ్ బటర్ అయితే ఒళ్లో పెద్ద దిండు పెట్టుకుని కూర్చున్నవాడు. మామూలు బటర్ బదులు దాన్ని కప్పు లెక్కన వేయకండి.

తూకం మిషన్ లేదా? ఇది నాకు భలే ఇష్టమైన కిటుకు. మిల్లీలీటర్ల గీతలున్న వెడల్పాటి జగ్గులో 300 వరకు చల్లటి నీళ్లు పోయండి. బటర్ ముక్క వేయండి. అది తేలుతుంది. తేలనివ్వండి, వేలితో ముంచకండి. నీళ్లు 413కి వచ్చాయా? మీ బటర్ 113 గ్రాములు. తేలే వస్తువు తన బరువుకి సమానమైన నీళ్లనే పక్కకి తోస్తుంది, మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము. ఇది ఆర్కిమెడీస్ సూత్రమే. ముక్క అడుగుకి, గోడకి తగలకుండా చూడండి. వేలితో పూర్తిగా ముంచారో, మీరు కొలిచేది దాని సైజు, అంటే మళ్లీ కండక్టర్ దగ్గరికే వచ్చారు.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. టేబుల్ స్పూన్ 14 గ్రాములు, టీ స్పూన్ 5కి కాస్త తక్కువ. ఆస్ట్రేలియా రెసిపీ అయితే జాగ్రత్త, వాళ్ల టేబుల్ స్పూన్ 20 మి.లీ., అంటే 19 గ్రాముల దాకా వస్తుంది. మీ కప్పు మీద 250 మి.లీ. అని ఉంటే బటర్ సుమారు 240 గ్రాములు. కాఫీ మగ్గు కప్పు కాదు, దయచేసి. కరిగించి వేయమన్నా కరిగించక ముందే తూచుకోండి, ఎందుకంటే బటర్‌లో దాదాపు ఆరో వంతు నీళ్లే, పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే అవి ఆవిరైపోతాయి.

అన్నట్టు, జగ్గులోంచి తీసిన ముక్కని తుడిచి మరీ గిన్నెలో వేయండి.