మోటారు పెట్టిన సైకిల్‌కి ఇన్ని గేర్లెందుకు? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. సైకిల్‌కి మోటారు పెట్టించుకునేవాళ్ల సందేహాలు ఇవాళ. మెకానిక్ గారు మనతో ఉన్నారు. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి కాలర్, చెప్పండి సార్.

కాలర్: హలో... ఉండండి, టీవీ సౌండ్ తగ్గిస్తా. ఆ, నమస్తే అండి. మా అబ్బాయి గేర్ల సైకిల్ ఉందండి, ఇరవై ఒక్క గేర్లు, వాడు ఉద్యోగమని హైదరాబాద్ వెళ్లిపోయాడు, అది బాల్కనీలో పడుంది. మా ఆవిడ రైతుబజారుకి వెళ్లొస్తుందని మోటారు పెట్టిద్దామనుకుంటున్నా. చిన్నప్పుడు తొక్కిందంతే, గేర్లంటే టెన్షన్. ఒకాయన పెడల్ దగ్గర మోటారు మంచిదన్నాడు, ఇంకొకాయనేమో చక్రంలోదన్నాడు.

మెకానిక్: వెనక చక్రంలో పెట్టే హబ్ మోటారు పెట్టించండి. పెడల్ దగ్గర పెట్టేదాని బలమంతా చైన్ మీదుగానే వెళ్లాలి. అది లాగుతుండగా గేర్ మారిస్తే పళ్లు అరిగిపోతాయి, ఒక్కోసారి చైనే తెగుతుంది. అలవాటున్నవాళ్లు ఆ క్షణం కాలు తేలిక చేసి మారుస్తారు, కొత్తవాళ్లకి అది తోచదు. హబ్ మోటారుకి చైన్‌తో పనే లేదు. గేర్ తప్పు వేసినా నష్టం తక్కువ.

కాలర్: మరి ఇరవై ఒకటీ ఉంచాలా?

మెకానిక్: అక్కర్లేదు. పెడల్ దగ్గర మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, మూడు ఏడులు ఇరవై ఒకటి. పెడల్ దగ్గర మూడింటినీ మార్చే గేర్ లివర్ తీయించేయండి. చైన్‌ని పక్కకి తోసే డెరైలర్ మాత్రం ఉండనివ్వండి, చిన్న కేబుల్ ముక్కతో ఆ మూడింటిలో మధ్య పళ్ల చక్రం మీద కదలకుండా బిగించేస్తే చైన్ జారకుండా అదే కాపలా. ఇక వెనక ఏడే మిగులుతాయి, అందులో ఆవిడ వాడేది రెండో మూడో.

కాలర్: వెనక కూడా ఒక్కటే చేసేస్తే పోలా?

మెకానిక్: మీ సైకిల్‌లో వెనక చక్రం కూర్చునే గాడి చూడండి. మామూలు సైకిళ్లకి అది అడ్డంగా, పొడవుగా ఉంటుంది, చక్రం వెనక్కి లాగి చైన్ బిగించుకోవచ్చు. గేర్ల సైకిళ్లలో చాలావాటికి నిలువుగా ఉంటుంది, లాగడానికి చోటుండదు. చైన్ వదులుని వెనక డెరైలరే పట్టి ఉంచుతుంది, తీసేస్తే వేలాడుతుంది. మామూలు సైకిలైతే ముందు 44 పళ్లు, వెనక 18, దాంతోనే ఊరంతా తిరగొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, బ్రేక్ పట్టగానే మోటారు ఆగాలి. అలా ఆపే స్విచ్ ఉన్న బ్రేక్ లివర్లే వేయించండి. తొక్కడం ఆపినా మోటారు ఒక క్షణం లాగుతూనే ఉంటుంది, కొత్తవాళ్లు హడలిపోయేది అక్కడే.

కాలర్: సరేనండి... అయితే సిరిపురం ఎత్తు ఎక్కాలంటే పెడల్ దగ్గరదే...

మెకానిక్: అయ్యా, ఇప్పుడే కదా చెప్పాను! హబ్ మోటారే. ఎత్తు రాకముందే చిన్న గేర్‌లో వేసుకుని ఆవిడ కాస్త తొక్కితే ఎక్కుతుంది. మీ ఆవిడని ముందు ఖాళీ గ్రౌండ్‌లో మోటారు ఆపేసి తొక్కమనండి. బ్రేక్ అలవాటయ్యాకే మోటారు.

యాంకర్: థాంక్యూ సార్. గాజువాక నుంచి ఇంకో కాలర్.

కాలర్: అన్నా, పెట్రోల్ ఇంజిన్ కిట్ పెడితే? 80 సీసీ అని అమ్ముతున్నారు.

మెకానిక్: వద్దు బాబూ. 25 సీసీ దాటితే చట్టం దాన్ని మోటారు వాహనం అంటుంది, రిజిస్ట్రేషన్, లైసెన్స్ అన్నీ కావాలి. పైగా చేతి క్లచ్, రెండో చైన్, ఆ చైన్ చక్రాన్నేమో చాలా కిట్లలో స్పోకులకే బిగిస్తారు. కొత్తవాడికి ఇన్ని తలనొప్పులా? ఎలక్ట్రిక్‌లో 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్స్ గొడవ లేదు. బ్రేక్ స్విచ్ మాత్రం మర్చిపోకు.

యాంకర్: పెదవాల్తేరు నుంచి మేడమ్.

కాలర్: సముద్రం దగ్గర ఇల్లండి, చైన్ తుప్పు పడుతోంది.

మెకానిక్: ఉప్పు గాలమ్మా. పొడి గుడ్డతో తుడిచి, చైన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయండి. జిడ్డు ఉంటే ఇసుక అంటుకుంటుంది. పన్నెండు అంగుళాలు ఉండాల్సిన చోట పదహారో వంతు అంగుళం సాగిందంటే కొత్త చైన్ వేయించండి, లేకపోతే పళ్లు కూడా పోతాయి.

యాంకర్: ఆఖరి కాల్, మధురవాడ.

కాలర్: కైలాసగిరి ఘాట్ ఎక్కుతుందా సార్, హబ్ మోటారుతో?

మెకానిక్: అంత నిట్రంగా, అంత దూరమంటే హబ్ మోటారు నెమ్మదైపోయి వేడెక్కుతుంది. అలాంటి చోట పెడల్ దగ్గర మోటారే నయం, గేర్ల సాయం దానికి దొరుకుతుంది. కానీ ముందు గేర్ మార్చడం నేర్చుకోవాలి. కొత్తగా తొక్కుతున్నారా మీరు?

కాలర్: అవును సార్.

మెకానిక్: అయితే కొన్నాళ్లు బీచ్ రోడ్డులో తిరగండి. బ్రేక్...

యాంకర్: స్విచ్ కదండీ! టైమ్ అయిపోయింది, థాంక్యూ అండి.