ఫ్రాంకెన్‌స్టైన్ వెనకున్న బ్యాటరీ

అందరికీ నమస్కారం.

ఫిజిక్స్ చెప్పుకునేవాడికి దయ్యాల కథలతో ఏం పని అని నన్ను చాలామంది అడుగుతుంటారు. పాఠ్యపుస్తకం తేలిపోయిన సంగతులే చెబుతుంది. తేలని సంగతులు, ఆ కాలపు జనానికి నిద్ర పట్టకుండా చేసిన సంగతులు, కథల్లోకి వెళ్తాయి. ఒక కాలంలో శాస్త్రం ఎందాకా వచ్చి ఆగిందో తెలుసుకోవాలంటే ఆ కాలం దేనికి భయపడిందో చూడాలి. అందుకే శాస్త్ర చరిత్రనూ భయం కథలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. ఇవాళ ఒక్క నవల గురించే మాట్లాడతాను. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1818 జనవరిలో లండన్‌లో వచ్చింది, రచయిత్రి పేరు లేకుండా.

ఈ పేరు వినగానే మనకు సినిమాలు గుర్తొస్తాయి. పిడుగు పడుతుంది, యంత్రాలు నిప్పులు కక్కుతాయి, శవం లేస్తుంది. నవల్లో అదేమీ లేదు. నవంబరు రాత్రి, కిటికీ అద్దాల మీద వాన, ఆరిపోవస్తున్న కొవ్వొత్తి. ఆ గుడ్డి వెలుతురులో, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు తయారుచేసిన ప్రాణి పసుపుపచ్చని కన్ను తెరుస్తుంది, అంతే. ప్రాణం ఎలా పోశాడో ఆమె వివరించదు. ఒక నిప్పురవ్వ ప్రస్తావన మాత్రం ఉంటుంది. ఆ రవ్వ ఎక్కడిదో అప్పటి లండన్ పాఠకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ రవ్వ కథ ఇటలీలో, బొలోన్యాలో మొదలవుతుంది. అక్కడ లూయిజీ గాల్వానీ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు చచ్చిన కప్పల వెన్నుకు ఇత్తడి కొక్కేలు గుచ్చి ఇనుప కమ్ములకు తగిలించాడు. కాళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. జంతువుల ఒంట్లోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. పావియాలో ఉన్న భౌతికశాస్త్ర ఆచార్యుడు అలెస్సాండ్రో వోల్టా ఒప్పుకోలేదు. విద్యుత్తు కప్పలో లేదు, రెండు వేర్వేరు లోహాలు కలిసినచోట ఉంది అన్నాడు. ఆ మాట నిరూపించడానికి కప్పను పక్కనపెట్టి, లోహపు బిళ్ళలు, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చాడు. 1800లో లోకానికి మొదటి బ్యాటరీ అలా దొరికింది. ఒక తగాదా నుంచి ఇంత గొప్ప వస్తువు పుట్టిన సందర్భం మన శాస్త్రంలో నాకు ఇంకొకటి తట్టదు. పైగా ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ కొక్కేల దగ్గర కరెంటు లోహాలదే. కానీ నరం తన పొర లోపలికీ బయటికీ మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా నిలుపుకుంటుందని తర్వాత తేలింది.

ఇక 1803 జనవరి. గాల్వానీ మేనల్లుడు జొవాన్నీ ఆల్దీనీ అప్పుడు లండన్‌లో ఉన్నాడు. ఉరితీసిన హంతకుల శవాలను వైద్యుల కోతకు అప్పగించే చట్టం అప్పుడు ఇంగ్లాండులో ఉండేది. భార్యనూ బిడ్డనూ కాలువలో ముంచి చంపాడని జార్జ్ ఫాస్టర్ అనే అతన్ని న్యూగేట్ జైలు దగ్గర ఉరితీశారు. ఆ శవం ముఖానికి ఆల్దీనీ బ్యాటరీ తీగలు తాకించాడు. దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. తర్వాత కుడిచెయ్యి పైకి లేచి పిడికిలి బిగిసింది, కాళ్ళు కదిలాయి.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. అతని దగ్గర ఉన్నవి మూడు బ్యాటరీ తొట్లు, ఒక్కోదానిలో 40 జింకు పలకలు, 40 రాగి పలకలు. అంటే 120 జతలు. ఒక్కో జత ఒక వోల్టుకు కొంచెం తక్కువ ఇస్తుందనుకుంటే మొత్తం దాదాపు 100 వోల్టులు. కండరాన్ని ముడవడానికి అది చాలు. మనిషి చనిపోయినంత మాత్రాన కండరంలోని కణాలన్నీ అదే క్షణాన చనిపోవు. కణం లోపలికీ బయటికీ మధ్య సోడియం, పొటాషియం అయాన్ల తేడా కొంతసేపు మిగిలే ఉంటుంది, కరెంటు తగిలితే కండరం స్పందిస్తుంది. ఈ వివరణ అప్పుడెవరికీ లేదు. చూసినవాళ్ళకు కనిపించింది చచ్చినవాడి కన్ను తెరుచుకోవడం. నవల్లో కూడా మొదట తెరుచుకునేది కన్నే. ఆమె ఆ వార్తనే తీసుకుందని రుజువు చెయ్యలేను గానీ, ఆ రెండు కళ్ళనూ విడదీసి చూడటం నా వల్ల కాదు.

అప్పటికి మేరీకి అయిదేళ్ళు. ఆమె తండ్రి విలియం గాడ్విన్ స్నేహితులు ఎవరో చూడండి. వోల్టా బ్యాటరీ సంగతి తెలియగానే, 1800లోనే, దానితో నీటిని విడగొట్టిన విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ ఇద్దరూ ఆయనకు తెలిసినవాళ్ళే. మేరీ పుట్టిన పదకొండో రోజున, 1797 సెప్టెంబరు 10న, తల్లి బాలింత జ్వరంతో పోయింది. ఆ చివరి రోజుల్లో వైద్యం చెయ్యడానికి వచ్చినవాళ్ళలో ఈ కార్లైల్ ఉన్నాడు. తల్లిని కాపాడలేకపోయిన ఆ చేతులే మూడేళ్ళ తర్వాత నీటిలోకి తీగలు దించి వాయువుల బుడగలు రప్పించాయి. ఈ సంగతి తెలిశాక ఆ నవల మళ్ళీ చదివితే, చనిపోయినవాళ్ళను వెనక్కి తేవాలన్న ఆ ఆరాటం వింతగా తోచలేదు. నాకు దుఃఖం వచ్చింది.

1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఈ నవల మొదలైంది. ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేసియాలో టంబోరా అగ్నిపర్వతం పేలి, గంధకపు తుంపరలు ఆకాశాన్ని కప్పడంతో ఆ ఏడు యూరప్‌లో ఎండే సరిగా రాలేదు. బయట వాన, లోపల కవి బైరన్ ఇంట్లో దయ్యాల కథల పందెం. మేరీ వయసు పద్దెనిమిది. వెన్నెల పడుతున్న గదిలో తనకు ఆ దృశ్యం కనిపించిందని ఆమె 1831లో రాసింది. డొనాల్డ్ ఓల్సన్ అనే అమెరికన్ ఖగోళ భౌతికశాస్త్రవేత్త జెనీవా వెళ్ళి, ఆ ఇంటి దగ్గరున్న కొండవాలు వెనక నుంచి చంద్రుడు ఎప్పుడు పైకి వస్తాడో లెక్కకట్టాడు. జూన్ 16 తెల్లవారుజామున, రెండు మూడు గంటల మధ్య అని తేల్చాడు. ఒక భయం కథ పుట్టిన గంటను పట్టుకోవడానికి చంద్రుడి గతులు లెక్కించిన మనిషంటే నాకు ఎంతో గౌరవం.

బల్లమీద జింకు బిళ్ళలు, రాగి బిళ్ళలు, ఉప్పునీళ్ళ గిన్నె, అట్టముక్కలు పెట్టించాను. వోల్టుమీటరూ ఉంది. ప్రశ్నలు అడుగుతూనే పది జతలు పేర్చండి, ముల్లు ఎక్కడ ఆగుతుందో కలిసి చూద్దాం.