ఆ గుంయ్‌మనే శబ్దం ఎక్కడినుంచి వస్తోంది?

(తిరుపతిలో గిటార్ వాయించే పిల్లల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు ఆపించినందుకు ఏమీ అనుకోకండి, రెండు నిమిషాలు ఓర్చుకోండి. ఈ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్, ఆన్ చేస్తున్నాను. గిటార్ తగిలించాను, తీగలు ముట్టుకోలేదు. వినండి.

వస్తోంది కదా, గుంయ్‌మని? ఇప్పుడు అన్నిటికంటే లావు తీగను మెడ మీదున్న మూడో అడ్డకడ్డీ, అంటే మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మెల్లగా మీటుతున్నాను. రెండు శబ్దాలూ దాదాపు కలిశాయి, కానీ పూర్తిగా కలవలేదు. సెకనుకు రెండుసార్లు అలలా ఊగుతున్నట్టు లేదూ? ఆ ఫ్రెట్ దగ్గర తీగ పలికేది 98 హెర్ట్జ్, అంటే సెకనుకు 98 సార్లు ఊగుతుంది. ఆంప్ నుంచి వస్తున్న ఈ శబ్దం, అంటే హమ్, 100 హెర్ట్జ్. మధ్యలో ఉన్న ఆ రెండే మీకు ఊగుతూ వినిపిస్తోంది.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆంప్ లోపల డయోడ్లు ఆ కరెంటులో పైకి పోయే సగాన్నీ కిందికి పోయే సగాన్నీ ఒకే వైపుకు తిప్పుతాయి. అందుకే అక్కడ 50 కాస్తా 100 అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను చదును చేయడానికే ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ తగ్గిపోతాయి. ఈ ఆంప్‌లో అవి పాతబడిపోయాయి, మీకు వినిపించాలనే దీన్ని తెచ్చాను. చూడండి, గిటార్ పీకేశాను. హమ్ పోలేదు. వాల్యూమ్ సున్నాకి తిప్పాను. అయినా పోలేదు. అంటే జబ్బు గిటార్‌లో లేదు, కాలితో నొక్కి శబ్దం మార్చే పెడల్స్‌లో లేదు, కేబుల్‌లో లేదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మూడు అనుమానాలు తీరిపోయాయి.

ఒక జాగ్రత్త. ఇలాంటి హమ్ వస్తోందని స్క్రూలు విప్పి మీరే లోపల చెయ్యి పెట్టొద్దు. గాజు వాల్వులతో పనిచేసే వాల్వ్ ఆంప్ అయితే ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో మూడు నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

అయితే మన కళ్యాణ మండపాల్లో, జాతర స్టేజీల మీద ఎక్కువగా ఏడిపించేది ఇది కాదు. ఎర్త్ లూప్. నా అనుభవం ఒకటి చెబుతాను. తిరుచానూరు వైపు ఒక రిసెప్షన్‌లో వాయించాలి. సౌండ్ చెక్‌లో అంతా బాగానే ఉంది. నా ఆంప్ శబ్దాన్ని బయటికి పంపే లైన్ అవుట్ నుంచి, హాలు వెనక అందరి శబ్దాలనూ కలిపే మిక్సర్‌కి కేబుల్ తగిలించగానే స్పీకర్లలో భోరుమని హమ్. గంటసేపు పెడల్స్ ఒకటొకటే మార్చాను. కేబుళ్లు మార్చాను. చెమటలు కక్కాను, పెళ్లివాళ్లు వచ్చేస్తున్నారని ఒకటే టెన్షన్. తీరా చూస్తే నా ఆంప్‌కి స్టేజీ పక్క గోడలోని ప్లగ్ పాయింటు, మిక్సర్‌కి వెనక గదిలోని పాయింటు. రెండిటికీ ఎర్త్ ఉంది. ఉన్నా రెండు చోట్లా ఒకే మట్టంలో లేదు, కొద్దిపాటి వోల్టు తేడా. నా కేబుల్‌లో వైరు చుట్టూ ఉన్న లోహపు అల్లిక, అంటే షీల్డు, ఆ రెండు ఎర్త్‌లనూ కలిపేసింది. తేడా ఉన్న చోట కరెంటు పారకుండా ఉంటుందా? పాటతో పాటు అదీ మిక్సర్‌లోకి పోయింది.

అప్పుడు సౌండ్ సర్వీస్‌లో ఒకాయన కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చాడు. "ఏం కాదులే బా, ఆ పెద్ద పిన్ను పీకెయ్, టక్కున ఆగిపోతుంది" అన్నాడు.

నిజమే, ఆగిపోతుంది. అందుకే అది అంత ప్రమాదం. ఈ ప్లగ్గు దగ్గరికి వచ్చి చూడండి. మూడు పిన్నుల్లో పైనున్నది లావుగా, పొడుగ్గా ఉంది. ప్లగ్గు గుచ్చేటప్పుడు అది అందరికంటే ముందు తగలాలి, పీకేటప్పుడు అందరికంటే చివర వదలాలి, అందుకే ఆ పొడుగు. ఆంప్ లోపల ఫేజు వైరు ఊడి ఇనుప పెట్టెకు తగిలితే కరెంటు ఆ దారిన భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ పిన్ను లేకపోతే పెట్టె మీద 230 వోల్టులు అలాగే నిలుచుంటాయి. పెట్టె నుంచి కేబుల్ షీల్డుకి, షీల్డు నుంచి తీగలకి, తీగల నుంచి మీ వేళ్లకి. మీ పెదవులు ఎర్త్ ఉన్న మైకుకు తగిలితే దారి పూర్తవుతుంది. తప్పు మైకు వైపున్నా అంతే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. ఆయన పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. మీలో చాలామందిది ఇంచుమించు అదే వయసు. అందుకే ఈ మాట దగ్గర ఇంతసేపు ఆగాను.

ఆ రోజు నేను పిన్ను పీకలేదు. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు అడిగి తెచ్చుకుని, మిక్సర్ ఉన్న పాయింటు నుంచే ఆంప్‌కి లైను లాగాను. ఒకే చోట ఎర్త్, గొడవ పోయింది. ఇప్పుడైతే ఆంప్‌కీ మిక్సర్‌కీ మధ్య తగిలించే డీఐ బాక్సు, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉన్నది, సంచిలోనే ఉంటుంది. అది షీల్డు దారిని మాత్రమే తెంపుతుంది, పాట లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా దాటుతుంది. ప్రాణం కాపాడే ఎర్త్ జోలికి అది పోదు.

ఇక అసలు ఎర్తే లేని చోట్లు. మే నెలలో గంగమ్మ జాతర సమయానికి మన నేల ఎంతగా ఎండిపోయి ఉంటుందో మీకు తెలుసు. బొగ్గూ ఉప్పూ పోసిన ఎర్త్ గుంతలో తడి లేకపోతే అది పేరుకే ఎర్త్. ఎండాకాలం అందులో నీళ్లు పోయించాలి. స్టేజీ దగ్గర ఎలక్ట్రీషియన్ ఉంటే మల్టీమీటర్ పెట్టి చూపించమనండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజు నుంచి ఎర్త్‌కి ఏ వందో నూట ఇరవయ్యో చూపిస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది. లాప్‌టాప్ చార్జింగులో ఉండగా దాని రేకు మీద వేలు రాస్తే జివ్వుమంటుందే, అదీ ఇలాంటిదే. అడాప్టర్ లోపలి ఫిల్టర్ వల్ల ఎర్త్ లేని రేకు మీద సగం వోల్టేజీ తేలుతుంది. చాలా తక్కువ కరెంటు కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. తీగలు ముట్టుకుంటే బుర్రుమనే శబ్దం తగ్గితే కంగారు పడకండి, మీ ఒళ్లు పట్టుకుంటున్న శబ్దం తీగల గుండా ఎర్త్‌కి పోతోంది. ముట్టుకుంటే పెరిగినా, జివ్వుమన్నా గిటార్ దించేయండి.

పెడల్స్ సంగతి త్వరగా చెబుతాను. ఒకే అడాప్టర్ నుంచి దండలా వైరు లాగి ఐదారు పెడల్స్‌కి ఇస్తే, ప్రతిధ్వని పుట్టించే డిజిటల్ డిలే లాంటివి తమ కీచుమనే శబ్దాన్ని పక్కవాటికి అంటిస్తాయి. అనుమానం ఉన్న పెడల్‌కి 9 వోల్టుల బ్యాటరీ వేసి చూడండి. శబ్దం పోతే నేరం పవర్‌ది. ప్రతి పెడల్‌కీ విడివిడిగా లైను ఇచ్చే ఐసోలేటెడ్ సప్లై ఉంటే, కొత్త పెడల్ కంటే ముందు దానికే డబ్బు పెట్టండి. నాయిస్ గేట్ కొనమని చాలామంది చెబుతారు. అది మీరు వాయించనప్పుడు నోరు మూయిస్తుంది, అంతే. మీరు వాయించగానే హమ్ మీ స్వరం కింద మళ్లీ లేచి కూర్చుంటుంది.

చివరగా ఒకటి. ఆంప్ మార్చాను, చూడండి. పికప్ అంటే తీగల కింద వాటి ఊపును పట్టే భాగం. అందులో ఒకే వైరు చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ గిటార్ పట్టుకుని దాని ముందు మెల్లగా తిరుగుతున్నాను. ఇటు నిలబడితే గట్టిగా, ఇటు తిరిగితే దాదాపు లేదు. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని పికప్ పట్టుకుంటోంది. కాయిల్ పక్కకు తిరిగితే పట్టు తప్పుతుంది. గిబ్సన్ గిటార్ కంపెనీలో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన హంబకర్ పికప్‌లో రెండు కాయిళ్లు, రెండు అయస్కాంతపు ధ్రువాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. బయటి హమ్ రెండిట్లోనూ పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ పాట మాత్రం కలిసి బలపడుతుంది. సింగిల్ కాయిల్ గొంతు ఇష్టమైనవాళ్లు ఆంప్‌కి, సీరియల్ లైట్ల డిమ్మర్లకి రెండు మూడు అడుగులు ఎడంగా జరిగి, ఎటు తిరిగితే తక్కువ వస్తుందో చూసుకుని నిలబడండి.

ఫ్యాన్లు వేయించండి. పెడల్ బోర్డులు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే స్టేజీ మీదకి రండి. బోర్డు పక్కన పెట్టి, గిటార్ నుంచి ఆంప్‌కి ఒకే కేబుల్‌తో మొదలుపెడదాం. నిశ్శబ్దంగా ఉంటే ఒక పెడల్ కలుపుదాం, మళ్లీ విందాం. ఎవరు ముందు?