ఆదివారం ఆట ఉండని మైదానం

అందరికీ నమస్కారం.

గోల్ఫ్ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎత్తైన ప్రహరీ గోడ, గేటు దగ్గర కాపలా మనిషి. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ చూసేదాకా నా సంగతీ అంతే. నేను ఆ ఊరు చేరింది ఒక ఆదివారం. గోల్ఫ్‌కు పుట్టిల్లుగా పేరున్న ఓల్డ్ కోర్సు అనే మైదానంలో ఆ రోజు ఒక్కరూ ఆడటం లేదు. పెద్దవాళ్లు కుక్కలను తిప్పుతున్నారు, పిల్లలు పచ్చిక మీద పరుగులు తీస్తున్నారు. మామూలుగా ఆదివారం అక్కడ ఆటకు సెలవు. ఆ నేలంతా ఊరివాళ్ల షికారుకే.

అది ఊరి నేల. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ అక్కడ కుందేళ్లు పెంచుకునే హక్కు పొందినప్పుడు, గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకునే ప్రజల హక్కును కూడా అదే పత్రంలో ఒప్పుకున్నాడు. 1974 నుంచి ఒక ట్రస్టు దాన్ని చూసుకుంటోంది. ఏ క్లబ్బులోనూ సభ్యత్వం లేనివారు సైతం పేరిచ్చి లాటరీలో వంతు కోసం చూడవచ్చు. రుసుము ఎక్కువే, ఆట కొంతైనా వచ్చి ఉండాలి. ఆ మాట దాచను.

ఒకవైపు ఇసుక తీరం, మరోవైపు ఊరి రాతి మేడలు, మధ్యలో గాలి. ఒక దెబ్బకు అనుకూలించిన గాలి మరో దెబ్బకు ఎదురు తిరుగుతుంది. ఇవాళ ప్రపంచమంతా ఆడే 18 హోల్స్ లెక్క పుట్టింది ఇక్కడే. హోల్ అంటే బంతిని కొడుతూ చివరి రంధ్రంలోకి చేర్చే ఒక్కో మైదానపు భాగం. 1764లో కొన్ని చిన్న హోల్స్‌ను కలిపేయడంతో 22 కాస్తా 18 అయ్యాయి. ఇక బంకర్లనే ఇసుక గుంటలు! పచ్చిక పెళ్లలను ఇటుకల్లా ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన నిలువు గోడలు వాటివి. బంతి ఆ గోడ మొదట్లో ఆగిందంటే, ఒక్కోసారి వెనక్కి కొట్టుకోవడం తప్ప దారి ఉండదు. 14వ హోల్‌లో ఉన్నదాని పేరే నరకం. 1995 ఓపెన్ టోర్నమెంటులో గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటివాడు అందులో చిక్కుకుని, తక్కువ దెబ్బలవాడే గెలిచే ఈ ఆటలో ఆ ఒక్క హోల్‌కే పది దెబ్బలు లెక్క రాసుకున్నాడు.

వినోదంగా ఈ ఆట గొప్పతనం నాకు అక్కడే తెలిసింది. మహామహులు తడబడిన గుంటలోనే మనమూ తడబడవచ్చు. పైగా హ్యాండిక్యాప్ అనే పద్ధతి ఉంది. బలహీనుడికి ముందే కొన్ని దెబ్బల వెసులుబాటు ఇస్తుంది కాబట్టి తాతా మనవడూ నిజంగా పోటీపడి ఆడవచ్చు. నాలుగు గంటలు పక్కపక్కన నడుస్తారు. కొట్టే క్షణాలు తక్కువ, కబుర్లే ఎక్కువ. కుటుంబంతో అంతసేపు తీరిగ్గా మాట్లాడుకునే వీలు ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతోంది?

లాటరీలో వంతు రాకపోతే బాధపడకండి. ఆ పక్కనే 1867 నాటి మహిళల పుటింగ్ (బంతిని నేల మీద రంధ్రంలోకి దొర్లించే ఆట) క్లబ్బు మైదానం ఉంది, దాన్ని హిమాలయాలు అంటారు. నేలంతా ఎగుడుదిగుళ్లే. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడవచ్చు, అనుభవం అక్కరలేదు. నేను వెళ్లిన మరునాడు అక్కడ ఒక చిన్నపిల్ల బంతిని నెట్టింది. అది గుట్ట ఎక్కింది, అంచున ఒక్క క్షణం ఆగింది, మళ్లీ దొర్లుకుంటూ ఆ పిల్ల బూట్ల దగ్గరికే వచ్చేసింది. వాళ్ల అమ్మమ్మ కర్ర మీద ఆనుకుని నవ్వుతూనే ఉంది. పిల్ల మాత్రం నవ్వలేదు. బంతిని సరిగ్గా అదే చోట పెట్టుకుని, ఈసారి ఇంకాస్త గట్టిగా కొట్టింది.