రెడ్ రమ్ మోసిన బరువు

శ్రోతలకు నమస్కారం.

గుర్రప్పందాలు అనగానే మనలో చాలామందికి హైదరాబాద్ మలక్‌పేట గుర్తొస్తుంది. అక్కడ గుర్రాలు చదును నేల మీద పరుగెత్తుతాయి. కిలోమీటరున్నర, మహా అయితే రెండు కిలోమీటర్ల పైచిలుకు. గేటు తెరుచుకున్న దగ్గర్నుంచి గీత దాటే దాకా రెండు నిమిషాలు. పక్కవాడితో మాట్లాడుతూ తల తిప్పామంటే పందెం అయిపోతుంది.

ఈ పూట చెప్పబోయే పందెం అలాంటిది కాదు. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరం అంచున ఎయింట్రీ అని ఒక రేస్‌కోర్సు ఉంది. ఏటా ఏప్రిల్‌లో అక్కడ గ్రాండ్ నేషనల్ అనే పందెం జరుగుతుంది. ఇంచుమించు 7 కిలోమీటర్ల దూరం. దారిలో 30 సార్లు కంచెలు దూకాలి. కొన్నిటి ముందు కందకం, కొన్నిటికి అవతల పల్లం. మొత్తం తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఇలా దూకుతూ పరుగెత్తే పందేన్నే స్టీపుల్‌చేజ్ అంటారు.

నాకు పందెం కాసే అలవాటు లేదు. డబ్బు పెట్టకుండా చూస్తేనే గుర్రం సరిగ్గా కనబడుతుందని నా నమ్మకం. మరి ఎందుకు చూస్తానంటారా? చదును నేల మీద మెరిసిన గుర్రం మూడేళ్ళకో నాలుగేళ్ళకో రిటైరై, పిల్లల్ని కనడానికి వెళ్ళిపోతుంది. దూకే గుర్రాల లెక్క వేరు. వాటికి ఎనిమిదో ఏడు, తొమ్మిదో ఏడు వచ్చాకే అసలు సత్తా బయటపడుతుంది. పన్నెండేళ్ళ గుర్రం కూడా పెద్ద పందెంలో నిలబడుతుంది. అంటే ఒకే గుర్రం వెంట మనం ఏళ్ళ తరబడి నడవచ్చు. దాని మంచి రోజులు, చెడ్డ రోజులు, దెబ్బలు, అలక, అన్నీ చూడొచ్చు.

అలా ఒక గుర్రాన్ని గమనిస్తూ, ఫలానా పెద్ద పందెంలో ఇది గెలుస్తుందా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే. బరువెంత?

గ్రాండ్ నేషనల్ హ్యాండికాప్ పందెం. అంటే గుర్రాలన్నీ ఒకే బరువు మోయవు. హ్యాండికాపర్ అనే అధికారి ప్రతి గుర్రం పాత ఫలితాలు చూసి, దాని సత్తా ఎంతో అంచనా వేస్తాడు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, మామూలు గుర్రానికి తక్కువ బరువు. జాకీ, జీను కలిపి ఆ బరువు తూగాలి. తగ్గితే జీను కింది గుడ్డ జేబుల్లో సీసపు ముక్కలు పెడతారు. పందేనికి ముందు తూస్తారు, అయ్యాక మళ్ళీ తూస్తారు. గుర్రాలన్నీ ఒకేసారి గీత దాటాలన్నది హ్యాండికాపర్ కల. అది ఎప్పటికీ నిజం కాదనుకోండి, కానీ ఒక్కోసారి చాలా దగ్గరికొస్తుంది.

ఎంత దగ్గరికొస్తుందో చెప్పాలంటే 1973 మార్చి 31కి వెళ్ళాలి.

ఆ రోజు ఎయింట్రీలో 38 గుర్రాలు బరిలో ఉన్నాయి. వాటిలో రెండింటి మీద జనం సమానంగా ఆశ పెట్టుకున్నారు. ఒకటి క్రిస్ప్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గుర్రం, నల్లగా, భారీగా ఉంటుంది. నల్ల కంగారూ అని ముద్దుపేరు. దాని జాకీ రిచర్డ్ పిట్‌మన్. రెండోది రెడ్ రమ్. జాకీ బ్రయన్ ఫ్లెచర్. ఇప్పుడు చెప్పండి, బరువెంత? క్రిస్ప్ మీద 12 స్టోన్‌లు, మన లెక్కలో 76 కిలోలు. ఆ పందెంలో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేదు. రెడ్ రమ్ మీద 66 కిలోల లోపే. తేడా పది కిలోల పైనే. పది కిలోల బియ్యం సంచి భుజానికెత్తుకుని తిరుమల మెట్లెక్కేవాడు ఒకడు, ఉత్త చేతులతో ఎక్కేవాడు ఒకడు. అదీ తేడా.

పందెం మొదలైంది. క్రిస్ప్ ముందుకు దూసుకుపోయింది. మామూలుగా ఇంత దూరం పందెంలో మొదటి రౌండు ఆచితూచి పోతారు. క్రిస్ప్‌కి ఆ ఓపిక లేదు. కంచె కనబడితే చాలు, ఎగరడమే. ఎయింట్రీలో అన్నిటికన్నా ఎత్తైన కంచెను ఛెయిర్ అంటారు. అయిదడుగుల పైన ఎత్తు, దాని ముందు ఆరడుగుల కందకం. సరిగ్గా ప్రేక్షకుల ఎదురుగా ఉంటుంది. క్రిస్ప్ అక్కడికి వచ్చేసరికి దాని దరిదాపుల్లో ఎవరూ లేరు. రెండో రౌండులో వెనక గుర్రాలకూ దానికీ మధ్య దూరం ఇరవై లెంగ్త్‌లు దాటింది. ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు. ఇరవై గుర్రాల్ని వరసగా నిలబెడితే ఎంత దూరమో అంత.

వెనక గుంపులోంచి ఒక్క గుర్రం మాత్రం విడివడి వస్తోంది. రెడ్ రమ్. మిగతా 36 గుర్రాల పందెం వేరు, ఈ రెండిటి పందెం వేరు అన్నట్టయింది.

చివరి కంచె. క్రిస్ప్ దూకింది. ఇంకా పదిహేను లెంగ్త్‌లు ముందే ఉంది. చూస్తున్నవాళ్ళు గెలిచేసింది అనుకునే ఉంటారు. కానీ ఎయింట్రీలో చివరి కంచె తర్వాత గీత దాకా 494 గజాలుంది. దాదాపు 450 మీటర్లు. దూకడానికి కంచె లేదు, ఉత్త నేల. మధ్యలో మోచేతి వంపులా దారి కాస్త తిరుగుతుంది, దాన్ని ఎల్బో అంటారు. అక్కడ క్రిస్ప్ కాళ్ళు తేలిపోయాయి. పిట్‌మన్ కొరడా తీసి కుడి చేత్తో కొట్టాడు. గుర్రం ఎడమకి తూలింది. నేరుగా పోవాల్సింది పక్కకి పోయింది. కళ్ళెం రెండు చేతులా పట్టుకుని ఉండాల్సింది అని ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. క్రిస్ప్ నడుస్తోందా, పరుగెత్తుతోందా తెలియని స్థితి. వెనక నుంచి రెడ్ రమ్ వస్తోంది. వస్తోంది. వస్తోంది. గీతకి కొద్ది గజాల ముందు దాటేసింది.

తేడా ముప్పావు లెంగ్త్. 7 కిలోమీటర్లు పరుగెత్తి, 30 కంచెలు దూకి, ముప్పావు లెంగ్త్. 9 నిమిషాల 1.9 సెకన్లు పట్టింది. పాత రికార్డుకన్నా 18 సెకన్లు తక్కువ. ఓడిపోయిన క్రిస్ప్ కూడా ఆ రికార్డుని బద్దలు కొట్టినట్టే. మూడో గుర్రం వాటికి 25 లెంగ్త్‌లు వెనక వచ్చింది.

ఈ పందేన్ని ఎన్నిసార్లు చూసినా నా మనసు క్రిస్ప్ వైపే ఉంటుంది. రెడ్ రమ్ కథ చెబుతూ ఓడిన గుర్రాన్ని పొగుడుతున్నానని విసుక్కోకండి. ఎందుకంటే దూర పందేల్లో పాతకాలం నుంచీ ఒక మోటు లెక్క ఉంది: ఒక పౌను, అంటే అర కిలోకి కాస్త తక్కువ, బరువుకి ఒక లెంగ్త్ దూరం. క్రిస్ప్ అదనంగా మోసింది 23 పౌన్లు. ఓడింది ముప్పావు లెంగ్త్‌తో. అదే ఏడాది డాంకస్టర్‌లో ఈ రెండూ మళ్ళీ తలపడ్డాయి. ఈసారి బరువెంత? ఇద్దరికీ సమానం. గెలిచింది క్రిస్ప్.

అలాగని రెడ్ రమ్ గొప్పదనం తగ్గిపోదు. అక్కడికే వస్తున్నా, టైము చూసుకుని గబగబా చెబుతాను. ఐర్లండులో 1965లో పుట్టింది. తల్లి పేరు మారెడ్, తండ్రి పేరు కోరమ్, రెండు పేర్ల తోకలూ కలిపి దీనికి పెట్టారు. మొదట్లో చదును నేల మీద పరిగెత్తించారు. చేతులు మారింది. గిట్ట లోపలి ఎముకకి జబ్బు చేసింది. 1972లో డొనాల్డ్ మెకెయిన్ అనే ట్రైనర్ 6,000 గినీలకి కొన్నాడు. జింజర్ మెకెయిన్ అంటారు. సౌత్‌పోర్ట్‌లో పాత కార్లు అమ్మేవాడు, ట్యాక్సీ కూడా నడిపాడు. ఆ ట్యాక్సీ ఎక్కిన నోయల్ లె మేర్ అనే పెద్దాయన కోసమే గుర్రాన్ని కొన్నాడు, ఓనర్ ఆయనే. కార్ల షోరూమ్ వెనక గుర్రాల సాల. పెద్ద ట్రైనర్లకి ఉండే పచ్చిక మైదానాలు మెకెయిన్‌కి లేవు. ఉన్నది సముద్రతీరం. కొన్న కొత్తలో ఇసుక మీద నడిపిస్తే గుర్రం కుంటింది. మెకెయిన్ దాన్ని సముద్రపు నీళ్ళలోకి దింపించాడు. బయటికొచ్చేసరికి కుంటడం లేదు. ఆ రోజు నుంచీ రోజూ ఇసుక, ఉప్పునీళ్ళు. ఆ తీరమే లేకపోతే ఆ గుర్రం పేరు ఇవాళ మనకి తెలిసేది కాదనే అనుకుంటాను.

1974లో మళ్ళీ గ్రాండ్ నేషనల్. పోయినేడు గెలిచింది కదా, ఈసారి హ్యాండికాపర్ ఊరుకుంటాడా? బరువెంత? 76 కిలోలు. నిరుడు క్రిస్ప్ వీపు మీదున్న బరువు ఇప్పుడు రెడ్ రమ్ వీపెక్కింది. నిరుటి గెలుపు బరువు తక్కువై వచ్చిందేనని అనుకున్నవాళ్ళకి అదే పరీక్ష. రెడ్ రమ్ ఏడు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. రెండోది లెస్కార్గో. చెల్టెనమ్ గోల్డ్ కప్ రెండుసార్లు గెలిచిన మేటి గుర్రం, దాని మీదా ఇంచుమించు అంతే బరువు. మూడు వారాలకే రెడ్ రమ్ స్కాటిష్ గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది. నా దృష్టిలో రెడ్ రమ్ అసలు గెలుపు ఈ 1974దే. జనం 1973 చెబుతారు, 1977 చెబుతారు. నేను 1974 అంటాను.

1975. అవే రెండు గుర్రాలు. రెడ్ రమ్ మీద మళ్ళీ 76 కిలోలు. లెస్కార్గో మీద? 71. దాదాపు అయిదు కిలోలు తగ్గింది. ఫలితం తారుమారైంది. లెస్కార్గో పదిహేను లెంగ్త్‌లతో గెలిచింది. నేల తీరు, గుర్రం మూడ్ కూడా ఉంటాయి, కాదనను. కానీ బరువు చూడకుండా ఈ రెండేళ్ళ ఫలితాలూ చదివితే రెడ్ రమ్ పని అయిపోయిందనిపిస్తుంది. చూస్తే అలా అనిపించదు.

1976లో 74 కిలోలతో మళ్ళీ రెండో స్థానం. గెలిచిన రాగ్ ట్రేడ్ మోసింది 69. పత్రికల్లో వయసు మాట మొదలైంది. పదకొండేళ్ళు వచ్చాయి, ఇంకెక్కడ గెలుస్తుంది అని.

1977. పన్నెండేళ్ళు. జాకీ టామీ స్టాక్. బరువు 73న్నర కిలోలు. బరిలో 42 గుర్రాలు. రెండో రౌండులో బీచర్స్ బ్రూక్ అనే కంచె దగ్గర ముందున్న యాండీ పాండీ పడిపోయింది. అంతే, రెడ్ రమ్ ముందుకొచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ అందుకోలేదు. 25 లెంగ్త్‌లు. గ్రాండ్ నేషనల్ మూడుసార్లు గెలిచిన గుర్రం అంతకు ముందు లేదు, ఇప్పటి దాకా లేదు. అయిదేళ్ళు, అయిదు పందేలు, ఒక్కసారీ కిందపడలేదు. ఆ ఏడాది చివర బీబీసీ వాళ్ళు దాన్ని ఏకంగా స్టూడియోకే పిలిచారు. టామీ స్టాక్ వేరే చోట నుంచి మాట్లాడుతుంటే, ఆ గొంతు విని గుర్రం చెవులు నిక్కించింది. 1978లో మళ్ళీ పరిగెత్తాల్సింది. పందేనికి ముందు రోజు కాలి ఎముకలో సన్నటి చీలిక కనబడి విరమించుకుంది. 1995లో చనిపోతే ఎయింట్రీలో గెలుపు గీత పక్కనే పూడ్చారు.

ఇదంతా ముచ్చటగా చెప్పాను గానీ, ఈ పందెం గుర్రాలకి ప్రమాదమే. పడినవి లేవనివి కూడా ఉన్నాయి. కంచెల్ని మెత్తబరిచారు, బీచర్స్ బ్రూక్ పల్లాన్ని తగ్గించారు, 2024 నుంచి గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి దించారు. ఇంకా తగ్గించినా నాకు అభ్యంతరం లేదు.

రెడ్ రమ్ తర్వాత వరుసగా రెండేళ్ళు గెలిచిన గుర్రం 2018, 2019ల్లో వచ్చిన టైగర్ రోల్ ఒక్కటే. మూడోది గెలిచి రెడ్ రమ్ సరసన నిలుస్తుందని అందరూ ఎదురుచూశారు. 2020లో కోవిడ్ వల్ల పందెమే రద్దయింది. 2021లో దానికి కేటాయించిన బరువు అన్యాయమని ఓనర్ గుర్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఓనర్ బాధ నాకు అర్థమవుతుంది, కానీ నేను హ్యాండికాపర్ పక్షమే. గెలిచినవాడికి బరువు పెంచకపోతే అది హ్యాండికాప్ పందెమే కాదు.

కాబట్టి మీకు ఒక పని. గ్రాండ్ నేషనల్ బరువుల జాబితా ఫిబ్రవరిలో వస్తుంది, పందెం ఏప్రిల్‌లో. మధ్యలో రెండు నెలలు టైముంది. మీకు నచ్చిన గుర్రం పేరు దగ్గర ఆగి, పోయిన పందెంలో ఎంత మోసింది, ఈసారి ఎంత మోస్తుంది, ఈ రెండంకెలు పక్కపక్కన రాసుకోండి. పోయినసారి దాని పక్కన పరుగెత్తిన గుర్రానికీ అలాగే రాయండి. ఒకదానికి పెరిగి, రెండోదానికి తగ్గిందంటే నిరుటి ఫలితం ఇక పనికిరాదు. లివర్‌పూల్ దాకా పోనక్కర్లేదు కూడా. మలక్‌పేట రేస్ బుక్‌లో కూడా హ్యాండికాప్ పందేలకి గుర్రం పేరు పక్కన కిలోల్లో ఆ అంకె ఉంటుంది. జేబులోంచి డబ్బు తీయకుండా, పెన్సిల్ మాత్రం తీసి చూడండి.

నమస్కారం.