నీడకూ ఒక రంగుంటుంది

అందరికీ నమస్కారం.

డిజిటల్ బొమ్మలు వేసే పిల్లలు తమ పని చూపించినప్పుడు నాకు ఎక్కువగా కనబడే ఇబ్బంది ఒకటుంది. గీత బాగుంటుంది, రంగులూ చక్కగా కుదురుతాయి. నీడలు వేసేసరికి బొమ్మంతా మాసిపోతుంది, ముఖాలకు మసి పూసినట్టవుతుంది. చెయ్యి తిరగక కాదు. వెలుగు ఎటునుంచి వస్తోందో, అది అందని చోట ఇంకే వెలుగు పడుతోందో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల. రెండో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి ఇవాళ దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

ఒక్క బొమ్మ తీసుకుందాం. సాయంత్రం నాలుగు దాటింది. పెంకుటింటి అరుగు మీద ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుతోంది. పడమటి ఎండ చూరు కిందుగా ఏటవాలుగా లోపలికొస్తోంది. ముందు ఎర్రమట్టి వాకిలి. గీత అయిపోయింది. చర్మం, చీర, చేట, గోడ వేటికవి వేరే లేయర్లలో, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరల్లో, చదునుగా రంగు నింపుకున్నాం.

ఇక్కడ చాలామంది చేసేదేమిటంటే, పైన ఇంకో లేయర్ తెరిచి, మల్టిప్లై పెట్టి, బూడిద రంగుతో నీడ పూసేస్తారు. మల్టిప్లై అంటే గుణకారమే. తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువల కలయిక, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. కింది రంగు విలువను పై రంగు విలువతో గుణించి 255తో భాగిస్తుంది. ఆవిడ చర్మం రంగు ఎరుపు 210, ఆకుపచ్చ 150, నీలం 110 అనుకోండి. పైన మూడు విలువలూ 128 ఉన్న బూడిద వేస్తే 105, 75, 55 వస్తాయి. మూడూ సగమయ్యాయి, అంతే. రంగు మారలేదు, వెలుగు మాత్రం చచ్చిపోయింది. అదే బూడిదకు బదులు లేత ఊదా, అంటే 150, 140, 200 వేసి చూడండి. 124, 82, 86 వస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా బాగా తగ్గాయి, నీలం చాలావరకు నిలబడింది. నీడ పడ్డ చర్మం కూడా ప్రాణమున్న చర్మంలాగే కనిపిస్తుంది.

ఇదేదో కిటుకు అనుకోకండి. చూరు ఎండను ఆపుతుంది గానీ ఆకాశాన్ని పూర్తిగా ఆపలేదు. ఆరుబయట నీడలోకి వచ్చేది ఎక్కువగా ఆకాశపు నీలి వెలుగే. అందుకే ఎండ పసుపుగా ఉన్నకొద్దీ నీడ నీలంగా తోస్తుంది. రాత్రి గదిలో బల్బు కింద కూర్చున్న మనిషిని వేస్తుంటే ఈ ఊదా పనికిరాదు. అక్కడ ఆకాశం లేదు, నీడలో పడేది గోడల మీంచి తిరిగొచ్చే బల్బు వెలుగే. పొద్దు, చోటు మారిన ప్రతిసారీ ఈ లెక్క కొత్తగా వేసుకోవాలి.

మళ్లీ అరుగు మీదికి వద్దాం. వాకిట్లో ఎర్రమట్టి ఎండకు వెలుగుతోంది కదా, ఆ ఎరుపు చీర కుచ్చిళ్ల అడుగుభాగానికి అంటుతుంది. చేటలో తెల్లటి బియ్యం మీద ఎండ పడింది. ఆవిడ తల వంచుకుని ఉంది. ఆ బియ్యపు తెలుపు గడ్డం కిందికీ, ముక్కు అడుగుకీ ఎగదన్నుతుంది. ఆ ఒక్క చోట నీడను కాస్త తేలిక చేసి చూడండి, ముఖం కాగితం మీంచి పైకి లేస్తుంది. అయితే తిరిగొచ్చిన వెలుగు ఎండ నేరుగా పడ్డ చెంపకంటే ఎప్పుడూ తక్కువగానే ఉండాలి. అది హెచ్చితే ముఖం గుండ్రదనం పోతుంది.

ఇక నీడ అంచు. సూర్యుడు మన కంటికి దాదాపు అర డిగ్రీ వెడల్పుంటాడు. అందుకని నీడ వేసే వస్తువు నీడ పడే చోటికి ఎంత దూరముంటే అంచు అంత చెదురుతుంది. మీటరు దూరానికి సుమారు ఒక సెంటీమీటరు మసక. రెండు మీటర్ల అవతల ఉన్న చూరు నీడ గోడ మీద రెండు సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది. ఒడికి జానెడు ఎత్తులో ఉన్న చేట నీడ మాత్రం చీర మీద కత్తితో కోసినట్టే ఉంటుంది. అన్ని అంచుల్నీ ఒకే మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో పులిమితే మనుషులు ప్లాస్టిక్ బొమ్మలైపోతారు. గట్టి బ్రష్‌తో నీడ ఆకారం స్పష్టంగా వేసుకోండి, తర్వాత ఎక్కడ మెత్తబడాలో అక్కడే అద్దండి. ఆ లేయర్‌ను కింది రంగుకు క్లిప్పింగ్ మాస్క్‌గా, అంటే కింది రంగు ఉన్నంత మేరకే కనిపించేలా, కట్టుకుంటే గీత దాటుతుందన్న భయం ఉండదు, చెయ్యి ధైర్యంగా సాగుతుంది. క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉన్నాయి, ఉచితం కూడాను. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేకపోతున్నామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

బొమ్మకు వెలుగునీడలు ఉండి తీరాలని నేననను. బాపు గారి గీత లావు సన్నాల్లోనే మనిషి ఒళ్లు, ఒయ్యారం తెలిసిపోతాయి. దాని మీద షేడింగ్ వేయడమంటే గీతను నమ్మకపోవడమే. వడ్డాది పాపయ్య గారిది రంగుల దారి. మీ బొమ్మ ఏ దారి అడుగుతోందో చూసుకున్నాకే నీడల లేయర్ తెరవండి.

బ్రష్ టెక్స్‌చర్ దగ్గర నాకు గట్టి పట్టింపు ఉంది. బొమ్మంతా అయ్యాక పైన కాగితం గరుకు ఫొటో ఒకటి ఓవర్‌లే మోడ్‌లో, అంటే కింది రంగుల్లో కలిసిపోయేలా, పెట్టేయడం నాకు నచ్చదు. చెంపకీ గోడకీ చేటకీ అదే గరుకు పడుతుంది, ఏది ఏదో చెప్పకుండా పోతుంది. ఏటవాలు ఎండలో సున్నం గోడను దగ్గరగా చూడండి. నిండు వెలుతురులో గరుకు పెద్దగా తెలియదు, చిక్కటి నీడలోనూ తెలియదు. వెలుగు నీడలోకి తిరిగే ఆ సందులో ప్రతి గరుకూ లేచి కనిపిస్తుంది. గ్రెయిన్, అంటే గరుకు, ఉన్న బ్రష్ పట్టాల్సింది అక్కడ. స్టైలస్‌ను, అంటే బొమ్మలు గీసే డిజిటల్ కలాన్ని, తేలిగ్గా ఆనించి పక్కకు లాగితే రంగు మిట్టల మీదే అంటి గుంటలు వదిలేస్తుంది. చేటకైతే వెదురు బద్దల అల్లిక వెంటే బ్రష్ నడవాలి, అంచు ఒంపు తిరిగిన చోట చెయ్యి కూడా ఒంపు తిరగాలి. ముఖానికి మాత్రం కణత దగ్గరా, మెడ ముడతల్లోనూ ఒకటి రెండు రాపులు చాలు.

అచ్చుకిచ్చే బొమ్మ అయితే ఇంకో మాట. తెర వెనకనుంచి వెలుగుతుంది, కాగితానికి ఆ సొంత వెలుగు లేదు. తెర మీద విడిగా కనిపించే ముదురు నీడలు అచ్చులో కలిసి ఒకే ముద్ద కావచ్చు. అందుకని అన్నిటికన్నా పైన బూడిద రంగు నింపిన లేయర్ ఒకటి పెట్టి, దాన్ని కలర్ మోడ్‌లోకి మార్చండి, అంటే పై లేయర్ రంగు తీసుకుని కింది వెలుగునీడల్ని అలాగే ఉంచే మోడ్‌లోకి. బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. ఆవిడ జుట్టు, జుట్టు వెనక గోడ నీడ విడివిడిగా తెలుస్తున్నాయా? లేకపోతే గోడ నీడనే ఒక మెట్టు తేలిక చేయండి, జుట్టును ముట్టుకోవద్దు. తర్వాత ఒక పేజీ ప్రింట్ తీయించి, పగటి వెలుతురులో చూసి, అప్పుడు ఫైల్ పంపండి.