మంటల్లేని రోజుల్లో ఫైర్ క్రూ ఏం చేస్తుంది?

హోస్ట్: అన్నా, కాలిఫోర్నియా కార్చిచ్చు అనగానే విమానం లోంచి ఎర్రటి మందు చల్లే వీడియోలే గుర్తొస్తాయి మాకు, మీరేమో వాటి గురించి మాట్లాడనన్నారు.

గెస్ట్: అవి అందరూ చూసినవేగా అమ్మా. చలికాలంలో వాన పడుతుంటే అడవిలో పని చేస్తుంటారే హ్యాండ్ క్రూలు, వాళ్ళ గురించి చెప్దామని. వాళ్ళ పనంతా చేతి పనిముట్లతోనే, నీళ్ళ పైపులతో కాదు. పులాస్కీ అని ఒకటుంటది, ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క తవ్వుకునే పార. కింద మట్టి తేలేదాకా ఆకూ అలమూ మొత్తం గీకేస్తారు, ఇక అగ్గికి అక్కడ తినడానికేం దొరకదు.

హోస్ట్: సరే, మంటల్లేనప్పుడో?

గెస్ట్: అసలు పని అప్పుడే. పొదలు కొట్టడం, చెట్లకి కింది కొమ్మలు తీసేయడం. ఎందుకంటే నేల మీద మంట ఆ కొమ్మలు పట్టుకునే పైకి పాకుద్ది, ఒకసారి చెట్ల తలల్లోకి ఎక్కిందంటే మనుషులు ఎదురెళ్ళి ఆపడం దాదాపు అయ్యే పని కాదు. ఒకడు చైన్‌సాతో కోస్తూ పోతాడు, వెనకాల ఇంకొకడు ఆ కొమ్మలు లాక్కెళ్ళి కుప్ప పెడతాడు, వాణ్ణి స్వాంపర్ అంటారు. కుప్ప పెట్టడంలో కూడా పనితనం ఉందండోయ్, సన్న పుల్లలు మధ్యలో పెట్టి, లావువి చుట్టూ పేర్చి, పైన ఒక వ్యాక్స్ పేపర్ ముక్కో ప్లాస్టిక్కో కప్పుతారు. అడవంతా తడిసి ముద్దయినా ఆ లోపల పొడిగానే ఉంటుంది, అప్పుడు వానలోనో మంచులోనో అంటిస్తే కుప్ప ఒక్కటే కాలుద్ది, చుట్టుపక్కల అంటుకోదు.

హోస్ట్: అబ్బా! ఇదంతా చేసేది ఎవరు?

గెస్ట్: రకరకాల వాళ్ళున్నారు. 1976లో జెర్రీ బ్రౌన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు పెట్టిన కాలిఫోర్నియా కన్జర్వేషన్ కోర్ ఒకటి, అంటే కుర్రాళ్ళకి అడవి పనులిచ్చే ప్రభుత్వ సంస్థ, ఎక్కువగా 18 నుంచి 25 ఏళ్ళ పిల్లలు. వాళ్ళ నినాదమే గొడ్డు చాకిరీ, తక్కువ జీతం, దిక్కుమాలిన పరిస్థితులు, ఇంకా మరెన్నో అని!

హోస్ట్: (నవ్వు) దాచుకోకుండా చెప్పేశారు పాపం.

గెస్ట్: ఇంకోళ్ళు ఆరెంజ్ బట్టల్లో కనిపించే ఖైదీలు, జైలు బయట కన్జర్వేషన్ క్యాంపులనే చోట ఉండి ఈ పని చేసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో మనుషులు దొరక్క మొదలైన పద్ధతి ఇది. ఇష్టమైతేనే వస్తారు, ఎక్కువ మందికి క్రూలో ఒక రోజు చేస్తే శిక్షలో రెండ్రోజులు తగ్గుతాయి. కావాలని నిప్పు పెట్టిన కేసు ఉన్నోళ్ళని మాత్రం తీసుకోరు, అది న్యాయమే అనుకో. వరదలొస్తే ఇసుక బస్తాలేసేది, పార్కుల్లో దారులు బాగుచేసేది కూడా వీళ్ళే.

హోస్ట్: జీతం ఏమైనా ఇస్తారా మరి?

గెస్ట్: అక్కడే నాకు కాలుద్ది. 5.80 నుంచి 10.24 డాలర్లు, గంటకి కాదు, రోజుకి! మంట మీదకెళ్తే గంటకో డాలర్ అదనం, 2025 దాకా అంతే. 2025 జనవరిలో లాస్ ఏంజిలెస్ తగలబడినప్పుడు వీళ్ళు వెయ్యి మందికి పైగా దిగారు, ప్రపంచమంతా చూసింది, అదే ఏడాది అక్టోబర్‌లో కొత్త చట్టం మీద సంతకం అయింది, మంట మీద ఉన్నంతసేపూ గంటకి 7.25 డాలర్లు. మంచిదే, కాదనను. కానీ ఇందాక చెప్పిన కుప్పలు పెట్టే రోజులకి ఆ రేటు లేదు, పాత రోజు కూలే. అగ్గి పుట్టాక ఆర్పితే ఒక రేటు, పుట్టకుండా చూస్తే అందులో ఐదో వంతు కూడా రాదు, ఇదేం లెక్కో నాకైతే మింగుడుపడదు.

హోస్ట్: కెమెరాలున్న చోటికే డబ్బులెళ్ళాయన్నమాట. మరి బయటికొచ్చాక ఇదే పని దొరుకుతుందా?

గెస్ట్: ముందు బాగా కష్టంగా ఉండేది, చాలా ఊళ్ళ ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఈఎంటీ లైసెన్స్, అంటే అత్యవసర వైద్యం చేసేందుకు ఇచ్చే లైసెన్స్ అడుగుతాయి, పాత కేసుంటే అది రావడం కష్టం. 2020లో చట్టం మార్చారు, క్రూలో పనిచేసినోళ్ళు విడుదలయ్యాక కోర్టుకి అర్జీ పెట్టుకుని కేసు కొట్టేయించుకోవచ్చు. అదేం దానంతటది జరిగిపోదు, జడ్జి ఒప్పుకోవాలి, కొన్ని పెద్ద నేరాలకైతే అసలు కుదరదు.

హోస్ట్: ఆ అర్జీ ఎవరు పెట్టుకోవచ్చు, ఎలా పెట్టుకోవాలి, బ్రేక్ తర్వాత అక్కడి నుంచే మొదలెడదాం అన్నా.